ముఖసాక్షి

గుడ్డును కోడి పెడుతుంది, లారీ తెస్తుంది, అంగన్‌వాడీ టీచరు పంచుతుంది. ఇంతవరకు ప్రభుత్వానికి ఏ సందేహమూ లేదు. పంచిన గుడ్డు ఎవరి కడుపులోకి పోతోందన్న దగ్గరే చిక్కు వచ్చిపడింది. రాజధానిలో ఒక సమావేశంలో ఎవరో పెద్దాయన, భోజనం బాగా కుదిరిన హుషారులో, "ఇన్ని గుడ్లు పోతున్నాయి కదా, పిల్లలు ఇంకా ఇంత సన్నగా ఎందుకున్నారయ్యా?" అని అడిగాడట. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలవాళ్లు ఆ గదిలో లేరు. పేరు పెట్టగలవాళ్లు మాత్రం బోలెడంతమంది ఉన్నారు. "వినియోగ అంతరం" అని పేరు పెట్టారు. పేరు పెట్టాక చేతులు కట్టుకుని కూర్చోలేరు గనక, దాన్ని పూడ్చడానికి ఒక యాప్ చేయించారు. దాని పేరు ముఖసాక్షి.

పని తేలికే. పిల్లల ముఖాలనూ గర్భిణుల ముఖాలనూ ఒకసారి ఫోనులో నమోదు చేయాలి. ఆ తరువాత గుడ్డు ఇచ్చే ముందు ప్రతిసారీ ఆ ముఖాన్ని ఫోనుకు చూపించాలి. సరిపోలితే ఆకుపచ్చ గీత వస్తుంది, గుడ్డు ఇవ్వాలి. సరిపోలకపోతే ఎర్రగీత వస్తుంది, ఇవ్వకూడదు. "మనస్సాక్షిపై ఆధారపడు దినములు గతించినవి. ఇక ముఖసాక్షియే మనకు శరణ్యము" అని జిల్లా అధికారి పరాంకుశం గారు శిక్షణ తరగతిలో సెలవిచ్చారు. పరాంకుశం గారు మామూలు మాటలు ఇంట్లోనే వదిలి ఆఫీసుకు వస్తారు.

బొమ్మెనకుంట సెక్టారు సూపర్‌వైజరు స్వరాజ్యం ఆ రోజు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. ఆమెకు అది అలవాటు. చెడ్డమనిషి కాదు. పిల్లలంటే ప్రాణం. కానీ మెమో అనే రెండక్షరాలు వింటే ఆమెకు కాళ్లూ చేతులూ ఆడవు. పైనుంచి ఏ కాగితం వచ్చినా చదవకముందే అమలు చేసేసి, తీరిక దొరికినప్పుడు చదువుకునేది.

మొదటి నెల గుడ్ల పంపిణీ రోజే బొమ్మెనకుంట టీచరు కోమల ఫోన్ చేసింది.

"మేడం, మిషిను మన పిల్లలనే గుర్తువడ్తలేదు. సగానికంటె ఎక్కువ మందికి ఎర్రగీతనే వస్తున్నది."

"ఫోటోలు సరిగ్గా తీశావా?"

"మంచిగనే తీసిన మేడం. ఫోటో అంటె తల్లులు ఊకుంటరా? తానం పోసి, పౌడరు రాసి, దిష్టి తాకుతదని బుగ్గకు ఇంత కాటుక చుక్క వెట్టి తెచ్చిన్రు. ఇయ్యాల చుక్క లేకుంట తెచ్చిన్రు. మిషినుకు పోరగాండ్లు యాదికి లేరు, చుక్కనే యాదికున్నది."

స్వరాజ్యం ఆ సంగతి జిల్లా ఆఫీసుకు చేరవేసింది. యాప్ చూసుకోవడానికి నగరం నుంచి వచ్చిన సలహాదారు నిశాంత్ ఏమాత్రం కంగారుపడలేదు. "సిస్టమ్ ఆ చుక్కని పర్మనెంట్ ఫీచర్‌గా నేర్చుకుంది మేడం. అంటే సిస్టమ్ బాగా పనిచేస్తున్నట్టే. ప్రాబ్లం చుక్కది" అన్నాడు.

చుక్కది అని తేలాక ఆలస్యమెందుకు? వారం తిరగకుండానే ఉత్తర్వు వచ్చింది. "విషయము: లబ్ధిదారుల కపోల భాగమున ధరింపజేయు దిష్టిచుక్క – ప్రమాణీకరణ – తగు సూచనలు జారీ చేయుట గురించి." చుక్క ఎడమ కపోలమున మాత్రమే ఉండవలెననీ, పెసరగింజ పరిమాణమునకు మించరాదనీ, లబ్ధిదారు ఏడ్చుట వలన చుక్క చెదిరినచో పంచనామా నిర్వహించి పునఃస్థాపించవలెననీ అందులో ఉంది. కాటుకకు బడ్జెట్ పద్దు లేనందున స్టేషనరీ కింద సిరాగా చూపించుకోవచ్చని వెసులుబాటు కూడా ఇచ్చారు. సర్కారుకు కూడా దిష్టి మీద నమ్మకం కుదిరిందని ఊళ్లో ముసలమ్మలు మురిసిపోయారు.

అయితే కుడి బుగ్గ మీదా గడ్డం మీదా చుక్కతో ఫోటో దిగిన పిల్లలున్నారు. ఎడమ బుగ్గకు చుక్క మార్చేసరికి, అప్పటిదాకా ఆకుపచ్చగా వచ్చినవాళ్లకు కూడా ఎర్రగీత వచ్చింది. సవరణ ఉత్తర్వు వచ్చేసరికి తొమ్మిదిమంది పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించారు. గుండ్లను మిషిను ససేమిరా అంది. దేవుడి మొక్కులు వాయిదా వేసుకోవలసిందిగా తల్లిదండ్రులకు అవగాహన కల్పించమన్నారు. స్వరాజ్యం అవగాహన కల్పించడానికి పోతే ఒక నాయనమ్మ చీపురు తీసింది. చివరికి కేంద్రానికొక విగ్గు సరఫరా అయింది. ఒకే విగ్గును ఆ గుండ్లన్నింటికీ మార్చి మార్చి పెట్టడంతో మిషిను ఆ పిల్లలందరినీ ఒకే పిల్లగా గుర్తుపట్టింది. ఆ పిల్ల ఒక్కపూటే తొమ్మిది గుడ్లు తిన్నట్టు లెక్క తేలింది. విచారణకు ఆదేశించారు.

గర్భిణుల గోడు ఇంకోరకం. బొమ్మెనకుంటలో మంగ అనే అమ్మాయి మూడో నెలలో పేరు రాయించుకుంది. అప్పుడామెకు వేవిళ్లు. ఫోటో తీసిన క్షణంలో కూడా వాంతి ఆపుకుంటోంది. ఆరో నెల వచ్చేసరికి కుదుటపడి, ముఖం కళకళలాడుతూ పాల కోసం వచ్చింది. ఎర్రగీత.

"అక్కా, జర వాంతికొచ్చినట్టు మొఖం వెట్టు" అంది కోమల.

"ఎట్ల వెట్టాలె? నాకిప్పుడు మంచిగనే ఉన్నదాయె."

"మీ అత్త చేసిన చాపల పులుసు యాదికి తెచ్చుకో."

మంగ తెచ్చుకుంది. ఆకుపచ్చ గీత వచ్చింది. అలా నెలంతా పులుసును తలుచుకుని పాలు తాగి, ఏడో నెలలో పుట్టింటికి పోయింది. పుట్టిన ఊళ్లో ఆమె ముఖం నమోదు కాలేదు. మెట్టిన ఊళ్లో నమోదైన ముఖం పుట్టింట్లో ఉంది. ఈ విషయం స్వరాజ్యం ప్రస్తావిస్తే, "కాన్పుకు పుట్టింటికేగు ఆచారము వినియోగ అంతరమునకు మూలకారణములలో ఒకటిగా గుర్తింపబడినది" అని జవాబు వచ్చింది. గుర్తింపబడినది కాబట్టి పని అయిపోయినట్టే.

ఇవన్నీ స్వరాజ్యం నవ్వుకుంటూనో, నెత్తి కొట్టుకుంటూనో దాటేసింది. లాస్య దగ్గర మాత్రం దాటలేకపోయింది.

లాస్య సరిత కూతురు. సరిత బీడీలు చేస్తుంది. మొగుడు హార్వెస్టరు మీద డ్రైవరుగా ఊళ్లు పట్టుకు తిరుగుతాడు. యాప్ వచ్చినప్పుడు లాస్యకు ఏడాదిన్నర. చెంపలు లోపలికి పోయి, ముఖమంతా కళ్లే అన్నట్టుండేది. తూకం వేస్తే బరువుల పటంలో అడుగున ఎర్ర గళ్లలో పడేది. ఆ పిల్ల ఫోటో తీసింది స్వరాజ్యమే. అదనపు గుడ్డూ పాలూ రాయించిందీ ఆమే. ప్రతివారం వచ్చి, సరిత తొడ మీద బీడీల చాట పక్కకు జరిపించి, పిల్లకు మెత్తగా ఎలా కలిపి పెట్టాలో చూపించింది. నాలుగైదు నెలలకు చెంపలు పూడాయి. పిల్ల నవ్వితే బుగ్గన సొట్ట పడటం మొదలైంది. ఆ సొట్ట తనదే అన్నంత గర్వంగా స్వరాజ్యం ఊరందరికీ చూపించేది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక పని కళ్లెదుట పండటం చూసింది, మరి ఉండదా!

సొట్ట పడిన నెలలోనే ఎర్రగీత పడింది. "ముఖం సరిపోలలేదు. వేరే లబ్ధిదారు. ఆహారం ఇవ్వరాదు."

చుక్క మార్చి చూశారు. వెలుతురులో చూశారు. చెంపలు లోపలికి పీల్చుకోమని కోమల తను పీల్చి చూపించింది. లాస్యకు అది ఆటనిపించి ఇంకా నవ్వింది. ఇంకా ఎర్రగా వచ్చింది.

"తిండికి మొఖం వాసిన పిల్ల మేడం. ఇప్పుడిప్పుడే జర తేరుకుంటున్నది. ఇప్పుడు బందు వెడితె ఎట్ల?" అంది సరిత.

స్వరాజ్యం అప్పటికప్పుడే కాగితం తీసింది. ఆ రాత పని తనే పూనుకుని, సరిత మాటనే ముక్క పోకుండా వేసి, "తిండికి ముఖం వాచిన ఈ చిన్నారికి పోషకాహారం కొనసాగించ ప్రార్థన" అని జిల్లాకు రాసింది. జవాబు త్వరగానే వచ్చింది. "సదరు లబ్ధిదారు ముఖము వాచియున్నదని తమరే ధ్రువీకరించియున్నందున, ముఖము సరిపోలకుండుట సహజమని భావించడమైనది. వాపునకు వైద్యము చేయించి, తగ్గిన పిమ్మట మరల హాజరుపరచవలెను."

నిశాంత్ నగరంలో ఇంగ్లీషు బడిలో చదువుకున్నాడు, అతనికి ముఖం వాచడమంటే వాచడమే. పరాంకుశం గారికి తెలియక కాదు. ఆయనకు తెలుగులో తెలియని మాట లేదు. కానీ ఫైలు మీద ఉన్న మాటకు ఫైలు అర్థమే చెప్పాలని ఆయన నియమం.

"ఇచ్చెయ్యి కోమలా, నేను చూసుకుంటా" అంది స్వరాజ్యం ఉక్రోషంగా. కోమల ఇచ్చేసింది. నెలాఖరుకు గుడ్ల నిల్వలో తేడా తేలి, "గుర్తింపు లేని ముఖమునకు గుడ్డు జారీ చేయుట" అన్న శీర్షికతో మెమో వచ్చింది. స్వరాజ్యం దాన్ని రెండుసార్లు చదివింది. రాత్రి అన్నం సయించలేదు. పొద్దున్నే కోమలకు ఫోన్ చేసి, "రూలు ప్రకారమే పోదాంలే" అంది.

ఆ తరువాత రెండుమూడు సార్లు ఇంట్లో గుడ్లు ఉడకబెట్టి టిఫిన్ డబ్బాలో పట్టుకెళ్లి సరితకు ఇచ్చి వచ్చింది. ఇంతలో సమీక్షలు ముంచుకొచ్చాయి. పనుల్లో పడి మరిచిపోయాను అనుకుంది. నిజానికి మరిచిపోలేదు. సరిత ఇంటి ముందునుంచి వెళ్లే తోవ మానేసి, చెరువుకట్ట మీదుగా చుట్టూ తిరిగి కేంద్రానికి పోతోంది. సరితకు చూపించడానికి ఆమెకు ముఖం చెల్లలేదు.

జిల్లా సమీక్షలో పరాంకుశం గారు తెర మీద రంగురంగుల బొమ్మ వేయించారు.

"గమనించుడు. ఎచ్చటెచ్చట ఎదుగుదల నమోదైనదో, అచ్చటచ్చటనే అంతరము నమోదైనది. ఇది యాదృచ్ఛికము కాదు. పిల్లలు అదుపు తప్పి ఎదుగుచున్నారు. దీనిని ఇకపై 'అననుమత ఎదుగుదల'గా వ్యవహరించవలెను."

అందరూ రాసుకున్నారు. స్వరాజ్యం కూడా రాసుకుంది.

"ఇందుకు భిన్నముగా, కొత్తచెల్క కేంద్రమున ఒక్క లబ్ధిదారు ముఖము కూడ మారలేదు. నూటికి నూరు శాతము సరిపోలిక! ఆ కేంద్రమును 'స్థిరముఖ కేంద్రము'గా ప్రకటించుచున్నాను. టీచరు వేదిక మీదికి రావలెను."

కొత్తచెల్క టీచరు బిత్తరచూపులు చూస్తూ వేదికెక్కింది. శాలువా కప్పారు. మైకు చేతిలో పెట్టి, ఈ విజయ రహస్యమేమిటో నలుగురికీ చెప్పమన్నారు.

"రహస్యమేం లేదు సార్. నిరుటి వానలకు మా ఊరి రోడ్డు తెగింది. లారీ రాక శాన నెలలైంది. గుడ్లు లేవు, పాలు లేవు. పిల్లలు ఎట్లున్నోళ్లు అట్లనే ఉన్నరు. మొఖాలు మాత్రం దినాం చూపిస్తున్నం."

"సరఫరాను వేరొక విభాగము చూచుకొనును" అన్నారు పరాంకుశం గారు. హాలంతా చప్పట్లు కొట్టింది.

ఈసారి స్వరాజ్యం చేతులు లేవలేదు. లేచింది ఆమే. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు.

"సార్, తింటే పిల్లల ముఖం మారుతుంది కదా సార్. మారాలనే కదా పెడుతున్నాం. మళ్లీ కొత్తగా ఒక ఫోటో తీసుకుంటే పోదా?"

పరాంకుశం గారు నిశాంత్ వైపు చూశారు. నిశాంత్ ఉత్సాహంగా ముందుకు వచ్చాడు.

"ఫేస్ అప్‌డేట్ ఆప్షన్ ఉంది మేడం! చాలా సింపుల్. బెనిఫిషియరీ తన పాత ముఖంతో లాగిన్ అయి, కొత్త ముఖానికి రిక్వెస్ట్ పెట్టుకోవాలి."

"పాత ముఖం ఉంటే కొత్తది ఎందుకు బాబూ?"

"సెక్యూరిటీ కోసం మేడం. లేకపోతే ఎవరు పడితే వాళ్లు మారిపోతారు కదా."

స్వరాజ్యం కూర్చుంది.

వానాకాలం జ్వరాలు వచ్చాయి, పోయాయి. పోషణ వారోత్సవాలు వచ్చాయి. ముఖసాక్షి పనితీరు చూడటానికి పరాంకుశం గారు స్వయంగా బొమ్మెనకుంటకు వస్తున్నారని కబురు అందింది. కేంద్రానికి సున్నం వేశారు. గుమ్మానికి మామిడాకులు కట్టారు. గోడ మీద నవ్వుతున్న బొద్దుపాప బొమ్మ గీయించారు. ఉడికించిన గుడ్లు స్టీలు పళ్లెంలో పేర్చి బల్ల మీద పెట్టారు. ఎర్రగీత వచ్చినవాళ్లను కూడా తప్పక హాజరుపరచమని ఆదేశం ఉండటంతో, సరిత కూడా లాస్యను చంకనేసుకుని వచ్చింది.

స్వరాజ్యం ఆ పిల్లను చూసి చాలా రోజులైంది. చూసి, చేతిలో ఉన్న పూలగుచ్ఛం బల్ల మీద పెట్టేసింది. సొట్ట లేదు. సొట్ట పడటానికి చెంపే లేదు. ముఖంలో మళ్లీ కళ్లే మిగిలాయి. పిల్లకు ఏమైందని సరితను అడిగింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"మొన్నటిదాంక జరం మేడం. ఏం వెట్టినా కక్కింది. పెట్టనీకె గంజి తప్ప ఏమున్నది గనుక" అంది సరిత. నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. అది ఇంకా కష్టంగా ఉంది స్వరాజ్యానికి.

నిశాంత్ ఫోను తెచ్చి లాస్య ముఖం ముందు పెట్టాడు. ఫోను కాసేపు ఆలోచించింది. టింగుమంది. ఆకుపచ్చ గీత.

"నైంటీ నైన్ పర్సెంట్ సార్!" అని అరిచాడు నిశాంత్. "ఇంత మ్యాచ్ జిల్లాలో ఇదే ఫస్ట్!"

వెంట వచ్చినవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఎవరో వీడియో తీశారు. పరాంకుశం గారి ముఖం వెలిగిపోయింది.

"చూచితిరా! వాపు తగ్గినది. ముఖము యథాస్థానమునకు వచ్చినది. అంతరము పూడినది. ఓపికతో వ్యవస్థను విశ్వసించినచో ఫలితము ఇట్లుండును." ఆయన పళ్లెంలోంచి గుడ్డు తీసి, వీడియోకు కనబడేటట్టు పట్టుకుని, సరిత చేతిలో పెట్టారు. "తినిపించుము తల్లీ."

సరిత గుడ్డు వైపు చూసింది. ఆయన వైపు చూసింది. ఆమె గొంతులో వెటకారం ఇసుమంత కూడా లేదు.

"సారూ, నాకు తెల్వక అడుగుతున్న. ఇది వెడితె పిల్ల మల్ల ఒళ్లు చేస్తది. ఒళ్లు చేస్తె మొఖం మారుతది. మారితె మల్ల ఇయ్యరు. మరి వెట్టమంటరా, వద్దంటరా?"

వీడియో తీస్తున్నవాడు ఫోను కిందికి దించాడు. పరాంకుశం గారు గొంతు సవరించుకున్నారు. పుట్టిన తరువాత ఆయన ఏ ప్రశ్న దగ్గరా ఆగి ఉండరు. ఇక్కడ మాత్రం ఒక్క క్షణం ఆగారు. ఒక్క క్షణమే.

"ఈ అంశముపై స్పష్టత కోరుచు ప్రభుత్వమునకు లేఖ వ్రాయుదుము. అందాక యథాతథ స్థితి కొనసాగించవలెను. స్వరాజ్యం గారూ, నోట్ చేసుకొనుడు."

స్వరాజ్యం డైరీ తీసింది. యథాతథ స్థితి అని రాయబోయింది. ఎదురుగా యథాతథ స్థితి తల్లి భుజం మీద తల వాల్చి గుడ్డు వైపే చూస్తోంది. ఆమె డైరీ మూసి బల్ల మీద పడేసింది. సరిత చేతిలోంచి గుడ్డు తీసుకుంది. తుంచి, వేళ్లతో మెదిపి, లాస్య నోట్లో పెట్టింది. పిల్ల ముందు చప్పరించింది. తరువాత గబగబా అందుకుంది. ఇంత ముక్క ఒకేసారి బుగ్గన దాచుకుని నమలసాగింది.

"మేడం, మేడం, ఆగండి!" నిశాంత్ కంగారుగా ఫోను పట్టుకుని ఉరికాడు. "తినకముందు ఇంకో షాట్ తీసుకోవాలి. ఇప్పుడు ఫేస్ ఉందా, పోయిందా?"

ఫోను లాస్య ముఖం ముందు పెట్టాడు. నోటినిండా గుడ్డుతో ఒకవైపు బుగ్గ గుండ్రంగా ఉబ్బి ఉంది. ఫోను ఎక్కువసేపు ఆలోచించలేదు. ఎర్రగీత. వేరే లబ్ధిదారు. ఆహారం ఇవ్వరాదు.

"చూచితిరా" అన్నారు పరాంకుశం గారు, నిజంగానే బాధపడుతూ, "ఒక్క గుడ్డునకే!"

స్వరాజ్యం పళ్లెం మొత్తం తన వైపు లాక్కుంది.

"అవును సార్. మెమో ఇంటికి పంపండి" అంది. "సరితా, కూసో. ఇంకోటి పెడదాం."